నలభై ఒక్క ఎకరాల సముద్రం

సొర్లపేట ఒడ్డుకి పదిమైళ్ల దూరంలో, ఒక మాఘమాసపు మంగళవారం ఉదయం, సముద్రం ఎవరి అనుమతీ తీసుకోకుండా భూమిని కన్నది. ముందు నీళ్లు ఎసరులా మరిగాయి. తర్వాత నల్లటి పొగ లేచింది. ఉడికిన చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. పదకొండో రోజున పొగ పలచబడితే, అంతకుముందు వలలు వేసిన చోట బూడిదరంగు దిబ్బ ఒకటి తేలి ఉంది. దాన్ని మొదట చూసినవాడు గరికిన ఎల్లాజీ. సొర్లపేట పడవల సంఘానికి పెద్ద. తిరిగొచ్చి భార్య పోలమ్మతో, "సముద్రానికి సెగ్గడ్డ లేసినాదే" అన్నాడు.

రాజధాని నుంచి భూగర్భ శాస్త్రవేత్తలు ఇద్దరు వచ్చారు. సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలితే ఇలాంటి దీవులు పుడుతుంటాయని, ఇందులో గట్టి రాయి లేదని, ఉన్నదంతా బూడిదా నురుగురాయేనని, అలల తాకిడికి నెలల్లోనే కరిగిపోతుందని ఐదు పేజీల నివేదిక రాశారు. ఆ నివేదిక గనుల శాఖకి చేరింది. గనుల శాఖ మేడ మీద ఉంటుంది, రెవెన్యూ శాఖ కింద ఉంటుంది. మధ్యలో పద్దెనిమిది మెట్లున్నాయి. నివేదిక ఇప్పటికీ ఆ మెట్లు దిగుతూనే ఉంది.

కింద ఉన్నవాళ్లకి అంత ఓపిక లేదు. వాళ్ల బాధ వాళ్లది. జిల్లాలో ప్రభుత్వ భూమి అని రిజిస్టర్లో రాసి ఉన్న ప్రతి సెంటు మీదా ఎవరిదో మామిడితోట ఉంది, లేకపోతే ఎవరిదో కల్యాణమండపం ఉంది, రెండూ లేనిచోట కోర్టు స్టే ఉంది. అలాంటి జిల్లాకి ఆక్రమణదారు లేని, వారసులు లేని, వకీలు లేని భూమి నడిసముద్రంలో దొరికింది. ఆర్డీవో చిదానందం గారికి ఆ వారం రోజులూ కాళ్లు నేల మీద ఆనలేదు. దిబ్బకి 'ఉదయ ద్వీపం' అని పేరు పెట్టి, దాన్ని రెవెన్యూ గ్రామంగా ప్రకటించి, "వెంటనే కొలిచి రికార్డుల్లోకి ఎక్కించండి" అని ఉత్తర్వు ఇచ్చారు.

ఆ పని మండల సర్వేయరు పిన్నింటి లోకనాథం నెత్తిన పడింది. లోకనాథానికి ఇరవై ఆరేళ్ల సర్వీసు. అందులో ఒక్క మెమో కూడా లేదు. అలాగని అతన్ని మరీ నిజాయితీపరుడని అనుకోనక్కర్లేదు. తప్పు చెయ్యడానికీ కొంత గుండె కావాలి, అది అతని దగ్గర లేదు. మెమో అన్న మాట వింటే రెండు రోజులు అన్నం సయించేది కాదు.

పన్నెండు హద్దు రాళ్లు ఎల్లాజీ పడవలో వేసుకుని వెళ్లాడు. దీవి మీద కాలు పెడితే చెప్పుల అడుగు వేడెక్కింది. హద్దు రాయి పాతితే, ఎవరో కిందనుంచి లాగుతున్నట్టు మెల్లగా దిగిపోయింది.

"బాబూ, ఇది నేల కాదు. పిండి" అన్నాడు ఎల్లాజీ. "ఒక్క గాలివాన కొడితే మిగల్దు."

"నీకెందుకు, నువ్వు గొలుసు పట్టుకో" అన్నాడు లోకనాథం.

నలభై ఒక్క ఎకరాల ముప్పైఆరు సెంట్లు తేలింది. ఆ లెక్కతో తహసీల్దారు హైమవతి గారి ముందు నిలబడితే ఆవిడ ఫారం తిరగేసి, "సరిహద్దుదారుల పేర్లు ఖాళీగా వదిలేశారేం?" అన్నారు.

"నాలుగువైపులా సముద్రమేనండి."

"అయితే అదే రాయండి. పక్కన తండ్రి పేరు గడి కూడా ఉంది. దాన్ని వదిలేస్తే కంప్యూటరు తీసుకోదు."

లోకనాథం కాసేపు ఆలోచించి, తూర్పు సముద్రం, పడమర సముద్రం, ఉత్తరం సముద్రం, దక్షిణం సముద్రం అని నింపి, నాలుగు చోట్లా 'తండ్రి పేరు తెలియదు' అని రాశాడు. కంప్యూటరు తీసుకుంది. గ్రామం పుట్టింది.

చైత్రంలో జెండా ఎగరేశారు. చిదానందం గారు బూడిదలో మడమల దాకా దిగబడి ప్రసంగించారు. "ఇన్ని జిల్లాలుండగా ప్రకృతి మన జిల్లానే ఎందుకు ఎంచుకుంది? మన పారదర్శక పరిపాలన మీద దానికున్న అచంచల విశ్వాసం వల్ల!" అన్నారు. ఆయన వెనక ఒక పెద్ద పెళ్ల విరిగి సముద్రంలో పడింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు కనక ఎవరికీ వినపడలేదు.

వైశాఖంలో 'ప్రభుత్వ భూముల పరిరక్షణ పక్షోత్సవం' వచ్చింది. ఉన్న ప్రతి ప్రభుత్వ భూమినీ తిరిగి కొలవాలి. లోకనాథం ఉదయ ద్వీపాన్ని కొలిస్తే ముప్పైమూడు ఎకరాలే వచ్చింది. రెండుసార్లు కొలిచాడు. రెండోసారికి ఇంకో నాలుగు సెంట్లు తగ్గింది. ఇక మూడోసారి కొలవకుండా వచ్చేశాడు.

"ఎనిమిది ఎకరాలు ఏమయ్యాయి?" అన్నారు హైమవతి గారు.

"సముద్రం తినేసిందండి."

"తినేయడం అనే మాట మన శాఖలో లేదు." ఆవిడ కంప్యూటరు తెర అతని వైపు తిప్పారు. "విస్తీర్ణం తగ్గితే కారణం రెండే రకాలు. ఒకటి, సర్వేయరు కొలత లోపం. రెండు, ఆక్రమణ. కొలత లోపం అయితే మీకు మెమో ఇస్తాను. ఆక్రమణ అయితే ఆక్రమణదారుకి నోటీసిస్తాను. మీ ఇష్టం."

లోకనాథం కిటికీలోంచి దూరంగా మెరుస్తున్న నీళ్లని చూశాడు. ఆ సముద్రం అతనికి ఏ అపకారమూ చెయ్యలేదు. అయినా వేలు రెండో గడి మీద పెట్టాడు.

నోటీసు ఆ సాయంత్రమే తయారైంది. 'ఉదయ ద్వీపం గ్రామ సరిహద్దుదారు అయిన సముద్రం, తండ్రి పేరు తెలియదు, వారికి తెలియజేయునది ఏమనగా, మీరు ప్రభుత్వ భూమి ఎనిమిది ఎకరముల పైచిలుకు అక్రమముగా ఆక్రమించి అనుభవించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఈ నోటీసు అందిన ఏడు దినములలోగా సదరు భూమిని ఖాళీ చేసి పూర్వస్థితిలో అప్పగించనిచో మీపై చట్టరీత్యా చర్య తీసుకొనబడును.' సొర్లపేట ఒడ్డున దండోరా వేయించి, కర్రకి కట్టి ఇసకలో పాతారు. పావుగంటలో ఒక అల వచ్చి కర్రతో సహా పట్టుకుపోయింది. లోకనాథం డైరీలో 'ప్రతివాది నోటీసును స్వయముగా స్వీకరించినారు' అని రాసుకున్నాడు.

మర్నాడు ఆటుకి సముద్రం వెనక్కి తగ్గింది. చిదానందం గారు సంతోషించి 'పాక్షిక స్పందన కలదు' అని ఫైలు మీద రాశారు. సాయంత్రం పోటుకి అది తిరిగి వచ్చింది. ఆయనకి ఒళ్లు మండింది. "ఖాళీ చేసినట్టు నటించి మళ్లీ ఆక్రమించడమా? ఇది ధిక్కారం" అన్నారు. జ్యేష్ఠంలో కొలిస్తే పంతొమ్మిది ఎకరాలే మిగిలింది. పోయిన ఎకరాలతో పాటు ఆయన సహనం కూడా పోయింది.

తన గదిలో సమావేశం పెట్టారు. హైమవతి గారు ఫైలు పట్టుకుని కూర్చున్నారు, లోకనాథం గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంతకీ చర్య ఎవరి మీద తీసుకుంటాం సార్?" అన్నారు హైమవతి గారు. "సముద్రానికి ఆధార్ లేదు. జప్తు చెయ్యడానికి ఆస్తీ లేదు."

"ఆస్తి లేకపోవడమేమిటి? అడంగల్లో అనుభవదారు అని ఒక గడి ఉంటుంది. భూమి ఒకరి పేరున ఉండొచ్చు, సాగు ఇంకొకరు చేసుకుంటుండొచ్చు. అనుభవించేవాడిదే బాధ్యత. సముద్రాన్ని అనుభవిస్తున్నదెవరు?"

చిదానందం గారు గోడ వైపు తిరిగారు.

"దాంట్లో చేపలు పడుతున్నదెవరు? లోకనాథం గారూ, సొర్లపేటలో పడవలెన్ని?"

"అరవైనాలుగండి" అన్నాడు లోకనాథం. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు.

ఆ అరవైనాలుగు పడవలకీ జప్తు నోటీసు వెళ్లింది. ఆక్రమిత భూమి పూర్వస్థితికి వచ్చేదాకా పడవలు ప్రభుత్వ స్వాధీనంలో ఉంటాయి. అమలుకి ముందు సర్వేయరు స్థలానికి వెళ్లి తుది కొలత తీసి, ఆక్రమణని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టాలి. అప్పటికి వేట నిషేధం ముగియడానికి నాలుగు రోజులుంది. రెండు నెలలుగా ఒడ్డునే కూర్చున్న ఊరు పడవలకి రంగులేసుకుని, వలలు బాగుచేసుకుని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఎల్లాజీ నోటీసు మడతపెట్టి జేబులో పెట్టుకుని లోకనాథం దగ్గరికి వచ్చాడు.

"ఏటి బాబూ ఇది? మావేదో ఎకరాలకెకరాలు మింగీసినామని రాసినారు? సముద్రం మా మాటింతాదేటి?"

"పైవాళ్లు అలా అన్నారు, ఎల్లాజీ."

"పైవోళ్లకి ఎవుడు సెప్పినాడు? నువ్వు గాదా?"

లోకనాథం తుది కొలతకి పడవ సిద్ధం చెయ్యమన్నాడు. మధ్యలో వాయుగుండం వచ్చి రెండు రోజులు కుమ్మేసి పోయింది. అది తెరిపిచ్చిన ఉదయమే ఇద్దరూ అదే పడవలో బయల్దేరారు. పదిమైళ్లు వెళ్లాక ఎల్లాజీ ఇంజను ఆపాడు.

"ఒచ్చేసినాం."

"ఎక్కడికి?"

"నీ ఊరికి."

చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేదు. ఒకచోట మాత్రం కొంచెం మురికిగా, పాలలో బూడిద కలిపినట్టుగా ఉంది. ఎల్లాజీ తాడుకి గుండు కట్టి దించాడు. "రెండున్నర బారలు" అన్నాడు.

లోకనాథం జీపీఎస్ యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. భూమి లేదని రాస్తే, లేని భూమిని నలభై ఒక్క ఎకరాలు కొలిచిన కొలత లోపం తనది. మెమోతో పోదు, ఉద్యోగమే పోతుంది. ఆక్రమణ అని రాస్తే అరవైనాలుగు ఇళ్లలో పొయ్యి వెలగదు. ఎల్లాజీ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, కసురుకోవడానికి వీలుండేది.

అప్పుడు అతనికి ఆ ఆలోచన వచ్చింది. విస్తీర్ణం తగ్గితేనే గదా కారణం అడుగుతారు? తగ్గలేదంటే? పొలంలోకి చెరువు నీళ్లొస్తే పొలం పోయిందని ఎవరంటారు? పొలం ఉంటుంది, పైన నీళ్లు నిలుస్తాయి. పుస్తకం తెరిచి రాశాడు. 'ఉదయ ద్వీపం. విస్తీర్ణము నలభై ఒక్క ఎకరముల ముప్పైఆరు సెంట్లు, యథాతథము. ఆక్రమణ లేదు. భూమిపై తాత్కాలికముగా నీరు నిలిచియున్నది. లోతు రెండున్నర బారలు.' కింద సంతకం పెట్టాడు. ఇరవై ఆరేళ్లలో అంత ధైర్యంగా పెట్టిన సంతకం అదొక్కటే. అది అబద్ధమని అతనికి గుర్తే రాలేదు.

చిదానందం గారు చదివి పొంగిపోయారు. "చూశారా! గట్టిగా పట్టుకుంటే సముద్రమైనా దారికొస్తుంది. పంతొమ్మిదికి పడిపోయిన భూమిని నలభై ఒకటికి రాబట్టాం" అన్నారు. పడవల నోటీసులు రద్దయ్యాయి. వేట మొదలైన రోజు పోలమ్మ మంచి కోనాం చేపని బుట్టలో పెట్టుకుని లోకనాథం ఇంటికి తెచ్చింది. ఆ పూట అతను కడుపునిండా తిన్నాడు.

కార్తీకంలో సొర్లపేట ఒడ్డు మీద ఎవరిదో కన్ను పడింది. అక్కడ విహారకేంద్రం వస్తుందన్నారు. గాజు గదులు, ఈతకొలను. సముద్రం పక్కన ఈతకొలను ఎందుకని అడిగినవాడు లేడు. ఊళ్లో ఉన్న రెండువందల పన్నెండు కుటుంబాలకీ వేరేచోట ఇంటిస్థలాలివ్వాలి. జిల్లా అంతా గాలిస్తే ఏ వివాదమూ లేని, ఆక్రమణ లేదని సర్వేయరు రాతపూర్వకంగా ధ్రువీకరించిన ప్రభుత్వ భూమి ఒక్కటే దొరికింది.

లోకనాథం పరుగు పరుగున చిదానందం గారి గదిలోకి వెళ్లాడు. అనుమతి అడక్కుండా లోపలికి వెళ్లడం అతనికదే మొదటిసారి.

"సార్, అక్కడ ఇళ్లు కట్టలేరండి. నీళ్లున్నాయండి."

"మీ నివేదికలో చూశాను. లోతట్టు ప్రాంతం. లబ్ధిదారులు ఎవరి ప్లాటు వాళ్లు మెరక వేసుకుంటారు. పట్టాలో ఆ షరతు పెట్టాం."

"లోతట్టు కాదండీ. సముద్రమండీ. అక్కడ భూమే లేదండి."

చిదానందం గారు కళ్లజోడు తీసి, నెమ్మదిగా తుడుచుకున్నారు. "ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"భూమి ఉందని మీరే రాశారు కనక పడవల కేసు మూసేశాం. ఇప్పుడు లేదంటే, ఆ కేసు తిరిగి తెరవాలి. తెరవమంటారా?"

లోకనాథం తల అడ్డంగా ఊపాడు. చిదానందం గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "మంచిది. వచ్చే వారం పట్టాల పంపిణీ. తర్వాత మీరు ఒక్కొక్కరినీ తీసుకెళ్లి హద్దులు చూపించి, వేలిముద్ర వేయించుకు రండి."

పట్టాలు రంగు రంగుల కవర్లలో ఇచ్చారు. ఒక్కో కుటుంబానికి మూడు సెంట్లు. పెద్దలందరికీ దండలు పడ్డాయి, చిదానందం గారికి రెండు పడ్డాయి. సొర్లపేట జనం కవర్లు పట్టుకుని నిలబడితే ఫోటో తీశారు. ఫోటోలో ఒక్కరూ నవ్వలేదు. పేదవాళ్లకి ఆనందం వస్తే అలాగే ఉంటారని చిదానందం గారు విలేకరులకి చెప్పారు.

హద్దులు చూపించే పని ఎల్లాజీ ప్లాటుతోనే మొదలైంది. పడవలో ఎల్లాజీ, పోలమ్మ, లోకనాథం. యంత్రం కూతవేశాక లోకనాథం చెయ్యెత్తాడు. ఎల్లాజీ ఇంజను ఆపాడు.

"ఇదే. నూట పదిహేడో నంబరు" అన్నాడు లోకనాథం. ఎవరి మొహమూ చూడలేదు.

పోలమ్మ పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. "గుమ్మం ఎటేపొస్తాది బాబూ?" అంది.

లేఅవుట్లో రాసుంది. "తూర్పు" అన్నాడు. అన్నాక అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఫారం తీశాడు. 'నాకు హద్దులు చూపబడినవి. నేను సంతృప్తి చెందితిని' అని అచ్చువేసి ఉంది. కింద వేలిముద్రకి గడి. సిరా డబ్బా మూత తీశాడు గానీ ముందుకు చాపలేకపోయాడు.

"ఇక్కడ భూమి లేదమ్మా" అన్నాడు. "నాకు తెలుసు. తెలిసే ఉందని రాశాను. పడవలు నిలబడతాయని రాశాను."

"మాకు తెల్దేటి?" అన్నాడు ఎల్లాజీ. "గుండు దించి లోతు సెప్పింది నానే కదా. ఆ పొద్దు నాకూ బాగానే ఉన్నాది. ఊరుకున్నాను."

"అయితే లేదని రాయి" అంది పోలమ్మ.

"రాస్తే పడవలు పట్టుకుపోతారమ్మా."

"పట్టుకుపోనీ. పడవ పట్టుకుపోతే, ఫలానావోడు పట్టుకుపోనాడని పదిమందికీ తెలస్తాది. ఒడ్డున కూకుని తిట్టుకుంతాం, కోర్టుకెల్తాం, ఏదో సేత్తాం. ఇదేటి బాబూ? ఇల్లు లాగీసుకుని, ఇల్లిచ్చినామని దండలేయించుకుంతన్నారు. దీనికి నాను ఏలిముద్ర కూడా ఎయ్యాల? నా నోట్ల నానే మన్ను కొట్టుకోవాల?"

పడవ ఊగుతోంది. లోకనాథం మెమోల గురించి ఆలోచించాలని చూశాడు. ఎప్పుడూ పిలవకుండానే వచ్చే ఆ భయం ఆ పూట పిలిచినా రాలేదు. ఫారంలో అచ్చువేసిన రెండు వాక్యాలూ కొట్టేశాడు. ఖాళీ చోట రాశాడు. 'ఈ స్థలములో భూమి లేదు. ఉదయ ద్వీపములో ఎక్కడా భూమి లేదు. ఉన్నది సముద్రము. ఇదివరలో నేను వ్రాసినది అబద్ధము.' సంతకం, తేదీ, హోదా. సిరా డబ్బా మూత పెట్టేశాడు. ఆ కాగితం నకలొకటి రాసి పోలమ్మ చేతికిచ్చాడు.

హైమవతి గారు ఆ నివేదికని కంప్యూటరులోకి ఎక్కించబోతే తీసుకోలేదు. 'భూమి లేదు' అన్న గడి అందులో లేదు. పోలమ్మ తన నకలుతో కోర్టుకెక్కింది. అక్కడ గడులు లేవు కనక కోర్టు ఆ నకలు చదివింది. తీర్పు వచ్చేదాకా సొర్లపేట ఇళ్ల జోలికి వెళ్లొద్దని చెప్పింది. చిదానందం గారు మాట తప్పే మనిషి కాదు. పడవల కేసు తిరిగి తెరిచారు. అరవైనాలుగు పడవలకీ గొలుసులేసి సీలు వేశారు. ఊళ్లో మగవాళ్లు కొందరు పక్క ఊళ్ల పడవల్లో కూలికి వెళ్లారు. పోలమ్మ రోజూ పొద్దున్నే సీలు ముందు నిలబడి, వేయించినవాళ్ల పేర్లు ఒక్కటీ వదలకుండా తిట్టి, అప్పుడు ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించేది.

లోకనాథానికి ఉత్తర్వు శుక్రవారం వచ్చింది. మెమో కాదు, సస్పెన్షను. ప్రభుత్వ భూమి ఉనికిని ప్రశ్నించినందుకు, నలభై ఒక్క ఎకరాలు గల్లంతు కావడానికి కారకుడైనందుకు. చిత్రంగా ఆ పూట అతనికి అన్నం సయించింది. సాయంత్రం ఉత్తర్వు పట్టుకుని సొర్లపేట వెళ్లాడు. గొలుసు వేసిన పడవ నీడలో కూర్చుని వల కుట్టుకుంటున్న ఎల్లాజీ, "సదువు బాబూ, ఇంతాను" అన్నాడు.

లోకనాథం చదివాడు. చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. 'సస్పెన్షను కాలములో శ్రీ పి. లోకనాథం గారి హెడ్‌క్వార్టరు ఉదయ ద్వీపం గ్రామముగా నిర్ణయించడమైనది. పై అధికారుల ముందస్తు అనుమతి లేనిదే ఆయన సదరు గ్రామమును విడిచి వెళ్లరాదు.'

ఎల్లాజీ వల పక్కన పెట్టాడు. గొలుసు వేసిన తన పడవ వంక చూశాడు, సముద్రం వంక చూశాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. లోకనాథం కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు.

"అయితే ఇంకేటి బాబూ" అన్నాడు ఎల్లాజీ కళ్లు తుడుచుకుంటూ, "మన ఇళ్లు పక్కపక్కనే."